పాతబడినంత మాత్రాన హాని హక్కవుతుందా?

రామగుండం, మణుగూరు, భూపాలపల్లి వైపు ప్రయాణించేవారికి దూరం నుంచే గుట్టలు కనిపిస్తాయి. కొత్తవారు వాటిని కొండలనుకుంటారు. దివ్యఖుర్‌ఆన్ నబా సూరాలో పర్వతాలను భూమిలో దిగ్గొట్టిన మేకులతో పోల్చింది. ఇవి ఆ మేకులు కావు. బొగ్గు పొర మీదున్న నేలను పేల్చి, షావెళ్ళతో ఎత్తి, డంపర్లలో తెచ్చి కుమ్మరించగా పేరుకున్న మట్టి, రాయి. గనుల ప్రాంతంలో వీటిని ఓబీ గుట్టలంటారు. అల్లాహ్ నిలిపిన కొండ నేలను పట్టి ఉంచుతుంది. మనిషి పోసిన గుట్టను మనిషే పట్టి ఉంచాలి. పట్టేవాడు లేకపోతే అది జారుతుంది.

కొన్ని గుట్టలకు నలభై ఏళ్ళ వయసుంది. పోయించిన అధికారులు రిటైరయ్యారు. కొందరు ఈ లోకం విడిచి వెళ్ళారు. గుట్ట మాత్రం అక్కడే ఉంది. ప్రతి వానాకాలం దాని ఒంటి మీద గండ్లు పడతాయి, ఆ మట్టి దిగువనున్న చెరువులోకో, పొలంలోకో దిగుతుంది. గని ప్రాంతానికి చెందిన ఒక సోదరుడు మమ్మల్ని ఇలా అడిగారు: “మౌలానా సాబ్! మా ఇంటి వెనక గుట్ట నేను పుట్టకముందు నుంచీ ఉంది. పోసినవాళ్ళెవరో మాకు తెలియదు. ఇప్పుడున్నవాళ్ళను అడిగితే ‘మేము పోయలేదు కదా’ అంటున్నారు. ఇంత పాతదాన్ని గురించి అడిగే హక్కు మాకుందా? అల్లాహ్ వద్ద ఇది ఎవరి ఖాతాలో పడుతుంది?”

ఆ సోదరుడు ఒకటి కాదు, రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిది ఈ లోకపు హక్కు గురించి, రెండోది పరలోకపు లెక్క గురించి. ప్రజలు తరచూ ఈ రెంటినీ కలిపేసి, రెండోదాని చాటున మొదటిదాన్ని వదిలేస్తారు. “అల్లాహ్ చూసుకుంటాడులే” అనే మాట దైవంపై నమ్మకంలా వినిపిస్తుంది కాని, చాలాసార్లు అది హక్కుదారుణ్ణి మౌనంగా ఇంటికి పంపించే మాటే.

ముందుగా ఒక సంగతి చెప్పుకోవాలి. భూమిని తవ్వి ఖనిజం తీయడం పాపం కాదు. హదీద్ సూరాలో అల్లాహ్ ఇనుము గురించి ప్రస్తావిస్తూ అందులో గొప్ప బలమూ, మానవులకు ప్రయోజనాలూ ఉన్నాయని తెలియజేశాడు. నేల కడుపులో దాచిన వరాలను వెలికి తీసుకోవడానికి మనిషికి అనుమతి ఉంది. మన ప్రాంతంలో ఈ కథ 1871లో మొదలైంది. ఆ సంవత్సరం భూగర్భ సర్వేక్షణ శాఖకు చెందిన విలియం కింగ్ ఇల్లెందు పరిసరాల్లో బొగ్గును గుర్తించారు. 1886లో ఏర్పడిన హైదరాబాద్ దక్కన్ కంపెనీ అక్కడ తవ్వకాలు ప్రారంభించింది. 1920లో అది సింగరేణి కాలరీస్ అయింది. 1975లో రామగుండంలో ఉపరితల గనులు మొదలయ్యేదాకా తవ్వకమంతా నేల అడుగునే సాగింది. ఇప్పుడు సంస్థ బొగ్గులో అధిక భాగం ఉపరితల గనులదే. 2023-24లో సింగరేణి సుమారు 7 కోట్ల టన్నుల బొగ్గు తీసింది. ఈ పత్రిక చదివే ఇళ్ళలో ఆ జీతంతో పిల్లల్ని చదివించిన ఇళ్ళున్నాయి, ఆ సంపాదనతో హజ్ చేసివచ్చిన పెద్దలున్నారు. అది హలాల్ సంపాదనే. కాబట్టి ఇక్కడ ప్రశ్న తవ్వకం గురించి కాదు, తవ్వాక మిగిలినదాని గురించి.

మిగిలేది తక్కువేమీ కాదు. ఉపరితల గనిలో ఒక టన్ను బొగ్గు చేతికి రావాలంటే ఐదారు ఘనపు మీటర్ల రాయి, మట్టి తొలగించవలసి వస్తుంది. పైగా రాయి పగిలితే ఉబ్బుతుంది. గుంతలోంచి తీసినదంతా తిరిగి అదే గుంతలో పట్టదు. ఇంట్లో బావి పూడ్చినవారికి ఈ సంగతి తెలుసు. మిగిలినదాన్ని ఎక్కడో ఒకచోట గుట్టగా పోయక తప్పదు.

వదులుగా పోసిన రాయి తనంతట తాను సుమారు 35 నుంచి 37 డిగ్రీల వాలులో నిలుస్తుంది. చూడటానికి నిలిచినట్టే ఉంటుంది. అసలు సమస్య నీటితో వస్తుంది. పైన చదునుగా ఉన్నచోట వాననీరు నిలిచి మెల్లగా లోపలికి ఇంకుతుంది. రాళ్ళ మధ్య చేరిన బంకమట్టి మెత్తబడి, రాయికి రాయికి ఉన్న పట్టు సడలుతుంది. గుట్ట అడుగున పాత వాగో, ఊటో ఉంటే ప్రమాదం రెట్టింపవుతుంది. పాత గుట్టల్లో ఇంకో లోపముంది. తవ్వేటప్పుడు పైమట్టిని విడిగా తీసి భద్రపరచాలి. ఒక అంగుళం సారవంతమైన మట్టి తయారు కావడానికి వందల ఏళ్ళు పడుతుంది. పూర్వం చాలాచోట్ల దాన్ని అన్నిటికంటే ముందు తీసి, అన్నిటికంటే అడుగున పోసి, దానిపై రాయి పోశారు. ప్రాణమున్న మట్టి పాతాళంలో ఉండిపోయింది, నిర్జీవమైన రాయి ఎండకెక్కింది. అలాంటి వాలు మీద విత్తనం చల్లినా నిలవదు. నిలిచేది ఎక్కువగా సర్కారు తుమ్మే. మేకల కాపరులనడగండి, ఆ తుమ్మ చెట్టు కింద గడ్డి మొలవదని చెబుతారు.

2016 డిసెంబరు 29న ఝార్ఖండ్‌లోని రాజ్‌మహల్ ఉపరితల గనిలో లాల్‌మటియా వద్ద ఓబీ గుట్ట ఒక్కసారిగా జారి పనిచేస్తున్నవారిపై పడింది. 23 మంది చనిపోయారు. గుట్ట పోసిన రాయే కదా, ఏం చేస్తుందిలే అనుకునేవారు ఆ రాత్రిని గుర్తుంచుకోవాలి.

ఇక ధర్మశాస్త్రం ఏమంటుందో చూద్దాం. ఉస్మానియా ఖిలాఫత్ కాలంలో, 1869 నుంచి 1876 మధ్య, హనఫీ ధర్మశాస్త్రం ఆధారంగా మజల్లా అనే న్యాయస్మృతి తయారైంది. మదరసాలలో చదివినవారికి ఇది సుపరిచితమే. అందులో మొదట 99 మూలసూత్రాలున్నాయి. ఆరో నిబంధన ప్రకారం, తరతరాలుగా ఉన్న ఏర్పాటును ఉన్నది ఉన్నట్టే వదిలేయాలి. ఎవరి పొలంలోంచైనా తాతల నాటి నుంచి దారి ఉంటే, ఇవాళ కొన్నవాడు దాన్ని మూసేయలేడు. సమాజం స్థిరంగా ఉండాలంటే ఈ సూత్రం కావాలి. కానీ ఆ వెంటనే, ఊపిరి తీసుకునే వ్యవధి కూడా ఇవ్వకుండా, ఏడో నిబంధన వస్తుంది. హాని విషయంలో ‘పాతది’ అనే వాదం చెల్లదన్నది దాని సారాంశం. దీనికి ధర్మవేత్తలు మురికి కాలువ ఉదాహరణ ఇచ్చారు. ఒక ఇంటి మురుగు ఎన్ని తరాలుగా బాటసారులు నడిచే వీధిలో పారుతున్నా సరే, దానికి ‘పాత హక్కు’ ఏర్పడదు. తొలగించాల్సిందే.

ఆ రెండు సూత్రాలను పక్కపక్కనే పెట్టిన పండితుల దూరదృష్టికి మేము ఎప్పుడూ ఆశ్చర్యపోతుంటాం. ఆరోది మాత్రమే ఉంటే బలవంతుడు ఏ అన్యాయాన్నైనా ఇరవై ఏళ్ళు లాగి హక్కు చేసుకునేవాడు. దైవప్రవక్త (సఅసం) ఒకరికి హాని చేయడాన్నీ, హానికి బదులు హాని చేయడాన్నీ నిషేధించారు. ఆ నిషేధానికి కాలపరిమితి పెట్టలేదు. కాబట్టి ఆ సోదరుని మొదటి ప్రశ్నకు జవాబు ఇక్కడే దొరుకుతుంది. గుట్ట వయసు నలభై కావచ్చు, నాలుగు వందలు కావచ్చు. దాని నుంచి హాని దిగుతున్నంత కాలం అడిగే హక్కు ప్రతి వానతోపాటు కొత్తగా పుడుతూనే ఉంటుంది.

“అడగాలి సరే, ఎవరిని అడగాలి?” అన్నది అంతకంటే కష్టమైన ప్రశ్న. దీనికి హిదాయా గ్రంథంలో ఒక అధ్యాయముంది. మన్న హిజ్రీ ఆరో శతాబ్దంలో ఇమామ్ మర్గీనానీ (రహ్మలై) రాసిన ఈ గ్రంథం మన మదరసాలలో నేటికీ పాఠ్యపుస్తకమే. పరిహారాల ప్రకరణంలో ఆయన ‘ఒరిగిన గోడ’ గురించి చర్చించారు. ఒక వ్యక్తి గోడ ప్రజల దారి వైపు ఒరిగింది. దారిన పోయేవారిలో ఎవరైనా సరే, పురుషుడైనా స్త్రీ అయినా, ముస్లిమైనా ముస్లిమేతరుడైనా, “నీ గోడ ఒరిగింది, తీసేయి” అని సాక్షుల ముందు హెచ్చరించవచ్చు. తీయడానికి సరిపడే వ్యవధి దొరికినా యజమాని తీయలేదు. గోడ పడి ఎవరైనా చనిపోయినా, ఏదైనా పాడైనా బాధ్యత అతనిదే. హెచ్చరిక ఎవరూ చేయకముందే అది పడిపోతే పరిహారం అతనిపై పడదు. అయితే ఒక మినహాయింపు ఉంది. గోడను కట్టడమే దారి మీదికి ఒరిగేలా కట్టి ఉంటే హెచ్చరికతో పని లేదు, మొదటి రోజు నుంచే బాధ్యత అతనిది.

అదే అధ్యాయంలో ఇంకో సంగతుంది. హెచ్చరిక అందుకున్న యజమాని గోడ పడకముందే ఇల్లు అమ్మేస్తే అమ్మినవాడి బాధ్యత ముగుస్తుంది, ఎందుకంటే గోడను ముట్టుకునే అధికారం ఇక అతనికి లేదు. కొన్నవానికి మళ్ళీ హెచ్చరిక చేయాలి, చేశాక బాధ్యత అతనిది. చూడండి, ఇక్కడ ప్రశ్న ‘ఎవరు కట్టారు’ అన్నది కాదు. ‘తొలగించే శక్తి ఇప్పుడు ఎవరి చేతిలో ఉంది’ అన్నది. “మేము పోయలేదు” అనేవారికి ఇదే సమాధానం. పోయకపోయి ఉండవచ్చు. భూమి మీ చేతిలో ఉంది, యంత్రాలు మీ చేతిలో ఉన్నాయి, హెచ్చరిక మీకు అందింది. ఒకరి పాపభారాన్ని మరొకరు మోయరని దివ్యఖుర్‌ఆన్ అన్ఆమ్ సూరాలో స్పష్టం చేసింది, అది నిజం. అయితే ఇక్కడ మిమ్మల్ని అడిగేది పాతవాళ్ళ పాపాన్ని మోయమని కాదు. హెచ్చరిక అందిన తర్వాత చేతులు కట్టుకుని కూర్చోవడం మీ సొంత చర్య. ఆ లెక్క మీదే.

మరి ఓబీ గుట్ట తర్వాత ఒరిగిన గోడా, కట్టేటప్పుడే ఒరిగేలా కట్టిన గోడా? మా దృష్టిలో అన్ని గుట్టలకూ ఒకే తీర్పు చెప్పలేం. మెట్లు మెట్లుగా పోసి, నీటికి దారి ఇచ్చి, తర్వాత నిర్వహణ లేక చెడిపోయినదైతే మొదటి రకం. కాలువ లేకుండా, వాలు చూడకుండా, జనం ఇళ్ళ నెత్తిన కుమ్మరించినదైతే రెండో రకం. దానికి హెచ్చరిక కోసం ఎదురుచూసే హక్కు కూడా యజమానికి లేదు.

ఇక్కడ చదువుకున్నవారు ఒక అభ్యంతరం లేవనెత్తుతారు. బుఖారీ హదీసులో గనిలో జరిగిన నష్టానికి పరిహారం లేదని ఉంది కదా అంటారు. ఆ హదీసు ప్రామాణికమైనదే. అందులో బావి ప్రస్తావన కూడా ఉంది. ధర్మవేత్తలు దాన్ని ఎలా అర్థం చేసుకున్నారో చూడాలి. ఒక వ్యక్తి తన స్థలంలోనో, అనుమతి ఉన్న బీడులోనో హద్దు మీరకుండా బావి గాని, గని గాని తవ్వాడు. కూలికి వచ్చినవాడు యజమాని తప్పేమీ లేకుండా అందులో ప్రమాదానికి గురయ్యాడు. అలాంటిచోట పరిహారం లేదు. అదే బావిని అనుమతి లేకుండా నలుగురు నడిచే దారిలో తవ్వితే అందులో పడినవాడి బాధ్యత తవ్వినవాడిదేనని ఆ ధర్మవేత్తలే రాశారు. హద్దు దాటి ఊరిమీదికి వచ్చిన మట్టికి ఆ హదీసు రక్షణ ఇవ్వదు. హదీసులోంచి ఒక ముక్కను తెంచి అన్నిచోట్లా అతికించడం విద్య కాదు.

ఒరిగిన గోడ హెచ్చరికను పెడచెవిన పెడితే ఏమవుతుందో బ్రిటన్‌లోని వేల్స్ ప్రాంతంలో అబర్‌ఫాన్ అనే గ్రామం చెబుతుంది. అక్కడిది భూగర్భ గని, అయినా గుట్ట గుట్టే. ఊరి పైనున్న కొండవాలు మీద, ఊటలున్న నేల మీద, 1958 నుంచి ఏడో నంబరు గుట్టను పోశారు. దిగువన ప్రాథమిక పాఠశాల ఉంది. 1963లోనే స్థానిక పురపాలక ఇంజనీరు ఆ గుట్ట వల్ల బడికి ప్రమాదముందని లిఖితపూర్వకంగా తెలియజేశారు. 1966 అక్టోబరు 21 ఉదయం, పిల్లలు తరగతుల్లో కూర్చున్న కాసేపటికే, గుట్ట జారి బడి మీద పడింది. 144 మంది మరణించారు. వారిలో 116 మంది పిల్లలు. మరుసటి ఏడాది విచారణ సంఘం జాతీయ బొగ్గు బోర్డుదే తప్పని తేల్చింది.

ఆ తర్వాత జరిగింది మమ్మల్ని ఇంకా ఎక్కువ కలచివేస్తుంది. మిగిలిన గుట్టలు ఊరి నెత్తిన అలాగే ఉన్నాయి. పిల్లల్ని పోగొట్టుకున్న తల్లిదండ్రులు వాటిని తీసేయమని ప్రాధేయపడ్డారు. ఖర్చంతా భరించడానికి బోర్డు గాని, ప్రభుత్వం గాని ముందుకు రాలేదు. బాధితుల కోసం లోకమంతా పంపిన విరాళాల నిధిలోంచి 1968లో 1,50,000 పౌండ్లు ఆ పనికి తీసుకున్నారు. అంటే, చంపిన గుట్టను తొలగించడానికి చనిపోయిన పిల్లల పేరు మీద వచ్చిన సదఖా సొమ్ము ఖర్చయింది. 1997లో ప్రభుత్వం ఆ 1,50,000 పౌండ్లు వాపసు చేసింది. అంతే మొత్తం, 29 ఏళ్ళ తర్వాత. ఆ కాలంలో కరెన్సీ విలువ తగ్గిన సంగతిని గుర్తించి 2007లో వేల్స్ ప్రభుత్వం మరికొంత పెద్ద మొత్తం ఇచ్చింది. ఆలస్యమైనా అప్పును అప్పుగా ఒప్పుకోవడం మంచిదే. అయితే ఈ ఉదంతంలో మనం గమనించవలసింది నష్టపోయినవాడే ఖర్చు భరించవలసి రావడం. షరీఅత్ దీనికి పూర్తి వ్యతిరేక దిశలో నడుస్తుంది. ఫలం ఎవరిదో భారమూ వారిదే అన్నది దైవప్రవక్త (సఅసం) బోధన నుంచి వచ్చిన సూత్రం. బొగ్గు అమ్మిన సొమ్ము తీసుకున్నవాడు రాయిని ఊరికి వదిలిపోలేడు.

తీసుకున్నవాడు ఇప్పుడు లేకపోతే? కంపెనీ మూతపడితే? మృతుని ఆస్తిని వారసులు పంచుకోకముందే అప్పు తీర్చాలని నిసా సూరాలో ఆదేశముంది. గని మూసి, లాభం పంచుకుని, గుట్టను వదిలినవారు అప్పు తీర్చకుండా వారసత్వం పంచుకున్నట్టే. ఆస్తే మిగలకపోతే ఏం చేయాలో దైవప్రవక్త (సఅసం) జీవితంలో ఉదాహరణ దొరుకుతుంది. తొలి రోజుల్లో ఆయన అప్పు తీరని మృతుని జనాజా నమాజు తాను చేయించకుండా ఇతరులను చేయమనేవారు. ఒకసారి హజ్రత్ అబూ ఖతాదా (రజి) ఆ అప్పు తాను తీరుస్తానని పూచీపడ్డాకే నమాజు చేయించారు. తర్వాత అల్లాహ్ విజయాలు ప్రసాదించి, ప్రజల సొమ్ము చేతికి వచ్చాక, ఏమీ లేకుండా అప్పుతో మరణించిన విశ్వాసి భారాన్ని తానే భరిస్తానని ప్రకటించారు. యజమాని లేని పాత గుట్టల భారం ప్రభుత్వ ఖజానాదే అనడానికి మాకు ఇంతకంటే స్పష్టమైన మార్గదర్శకత్వం అవసరం లేదనిపిస్తుంది. ఖజానా ఎక్కడిది? ఆ బొగ్గు మీద రాయల్టీ తీసుకున్నది అదే ఖజానా. ఆ బొగ్గు కాల్చి వచ్చిన కరెంటుతో ఫ్యాను వేసుకున్నది మనం. హైదరాబాదులోనో, విజయవాడలోనో కూర్చుని ‘గుట్టలు ఆ ఊరివాళ్ళ బాధ’ అనుకునే హక్కు మనకు లేదు.

మన దేశపు చట్టం షరీఅత్ మీద ఆధారపడినది కాకపోయినా, ఈ విషయంలో దానికి దగ్గరగానే వచ్చింది. 2009లో కేంద్ర బొగ్గు మంత్రిత్వ శాఖ గని మూసివేతకు మార్గదర్శకాలు జారీ చేసింది. ఉపరితల గనికి హెక్టారుకు 6 లక్షల రూపాయల లెక్కన, గని నడుస్తుండగానే, ఏటా కొంత చొప్పున ప్రత్యేక ఖాతాలో జమ చేయాలన్నది అందులోని ఏర్పాటు. లాభం వస్తున్నప్పుడే అప్పుకు సొమ్ము పక్కన పెట్టించడం తెలివైన పని. 2020 జనవరి 8న సుప్రీంకోర్టు ఇంకో మంచి మాట చెప్పింది. గని పని ముగిశాక లీజుదారుడు తన ఖర్చుతో ఆ నేల మీద మళ్ళీ గడ్డి పెంచాలి, పశుగ్రాసానికి, మొక్కలకు, జీవజాలానికి అనువుగా తయారుచేయాలి అనే షరతును లీజుల్లో పెట్టాలని ప్రభుత్వాన్ని ఆదేశించింది. గడ్డి అనే మాటను న్యాయస్థానం ఎంచుకోవడం మాకు నచ్చింది. బఖరా సూరాలో అల్లాహ్ కల్లోల జనకుని గుర్తు చెబుతూ వాడు పైరునూ, జీవ సంతతినీ నాశనం చేస్తాడని తెలిపాడు. గడ్డి తిరిగి వస్తే మేక వస్తుంది, మేక వస్తే పేదవాని ఇంట్లో పాలుంటాయి.

అయితే గడ్డి మొలిపించడం రాత్రికి రాత్రి అయ్యేది కాదు. పాత గుట్టను బాగుచేసే పని పైనుంచి మొదలవుతుంది. మన దేశంలో పర్యావరణ అనుమతులిచ్చేటప్పుడు గుట్ట మొత్తం వాలు 28 డిగ్రీలకు మించకూడదని సాధారణంగా షరతు పెడతారు. నిటారు వాలును యంత్రాలతో కోసి, మెట్లుగా మలచి, ప్రతి మెట్టునూ కొద్దిగా లోపలికి వంచి, వాననీరు అంచు మీద నుంచి దూకకుండా కాలువలోకి మళ్ళించాలి. గుట్ట పాదం చుట్టూ మరో కాలువ, రాళ్ళ గోడ, కొట్టుకొచ్చే ఒండ్రు ఆగడానికి గుంటలు కావాలి. ఆపైన ఎక్కడైనా పైమట్టి దొరికితే పరచాలి. మట్టి నిలవని వాలు మీద కొబ్బరి పీచు చాపలు పరుస్తారు. అవి రెండు మూడు వానాకాలాలు ఓర్చి, వేళ్ళు పట్టుకునేలోగా మట్టిని కాపాడి, తర్వాత కుళ్ళి ఎరువవుతాయి. మొదట స్టైలో వంటి పశుగ్రాసపు గడ్డి, ఆ తర్వాతే కానుగ, వేప. చెట్టు ముందు, గడ్డి తర్వాత అనుకునేవారు తొందరపడుతున్నారు. చెట్టు పైకి కనిపిస్తుంది, గడ్డి మట్టిని పట్టుకుంటుంది.

ఈ మాట మేము ఊరికే చెప్పడం లేదు. కొన్నిచోట్ల గుట్ట నెత్తిన చదునైన భాగంలో వరుసగా మొక్కలు నాటి, బోర్డు పెట్టి, ఫోటో తీయించుకుంటారు. పక్కవాలు మాత్రం బోడిగా, గండ్లు పడి అలాగే ఉంటుంది. దైవప్రవక్త (సఅసం) ఒకసారి బజారులో ధాన్యపు రాశి లోపలికి చేయి పెట్టి చూశారు. పైన పొడిగా ఉన్న రాశి లోపల తడి తగిలింది. వానకు తడిసిందని వ్యాపారి చెప్పగా, అందరికీ కనిపించేలా ఆ తడిని పైన ఎందుకు పెట్టలేదని ప్రశ్నించి, మోసగించేవాడు తన బాటలోనివాడు కాడని హెచ్చరించారు. ఓబీ గుట్ట విషయంలోనూ ప్రమాదం లోపలి తడిలోనే ఉంది. పైన పచ్చరంగు చూసి బాగైందని సర్టిఫికెట్ ఇచ్చే అధికారి లోపలికి చేయి పెట్టి చూడాలి, అంటే వానాకాలంలో వచ్చి గుట్ట పాదం దగ్గర నిలబడాలి.

నాటే చేతిని మేము తక్కువ చేయడం లేదు. ముస్లిం నాటిన మొక్క నుంచి మనిషైనా, పక్షియైనా, పశువైనా తింటే అది అతనికి సదఖా అవుతుందన్న శుభవార్త అందరికీ తెలిసిందే. నిర్జీవమైన నేలపై వాన కురిసి అది చలించి ఉబ్బడాన్ని ఫుస్సిలత్ సూరా మరణానంతర జీవితానికి నిదర్శనంగా చూపింది. రాయి మాత్రమే ఉన్న వాలు మీద పదేళ్ళ తర్వాత పిచ్చుకలు గూడు కట్టడం చూసినవారికి ఆ ఆయత్ వేరే విధంగా అర్థమవుతుంది. కానీ సదఖా వేరు, అప్పు వేరు. అప్పున్నవాడు దాన్ని తీరుస్తూ ‘దానం చేశాను’ అని చెప్పుకోకూడదు. పూచీ ఉన్న సంస్థ గుట్టను బాగుచేస్తే అది దాతృత్వం కాదు, బాకీ తీర్చడం.

చివరగా, అదే ప్రాంతపు మస్జిద్ కమిటీవారు అడిగిన విషయం. గుట్ట దిగువన ముప్పై దాకా ఇళ్ళున్నాయి. వర్షాలకు ముందే అడ్డుగట్టు వేయాలి. కమిటీ దగ్గరున్న జకాత్ సొమ్ము దీనికి వాడవచ్చా అన్నది వారి ప్రశ్న. జకాత్ వాడరాదు. హనఫీ ధర్మవేత్తల ప్రకారం జకాత్ సొమ్ము అర్హుడైన పేదవాని యాజమాన్యంలోకి వెళ్ళాలి. వంతెనకు, దారికి, గట్టుకు అది చెల్లదు. ఆ ఇళ్ళలోని నిరుపేదలకు ఇల్లు మారడానికి చేతికిస్తే చెల్లుతుంది. సాధారణ సదఖా నిధిని గట్టుకు వాడవచ్చు. అయితే ఇక్కడ ఒక జాగ్రత్త ఉంది. ఒకరి అప్పును అతని ఆదేశం లేకుండా ఇంకొకరు తీరిస్తే, తీర్చినవాడు స్వచ్ఛంద దాతగా పరిగణించబడతాడు, తర్వాత సొమ్ము వాపసు అడగలేడు. ఆదేశంతో తీరిస్తే అడగవచ్చు. అందుకని, ముందు బాధ్యత ఉన్న కార్యాలయానికీ, తహసీల్దారుకూ గుట్ట పరిస్థితి వివరిస్తూ గ్రామస్థుల సంతకాలతో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోమన్నాం. ఒరిగిన గోడ హెచ్చరిక ఇదే. ‘అత్యవసరంగా మీరు వేసుకోండి, ఖర్చు మేము చెల్లిస్తాం’ అనే రాతపూర్వక అనుమతి కోరమన్నాం. ఇంటి పెద్దలెవరైనా సరే, ముస్లింలైనా హిందువులైనా, అందరి సంతకాలూ ఉండాలన్నాం. అది వచ్చేదాకా మొదటి లారీ రాయి దించవద్దని చెప్పాం. అనుమతి రాకముందే వానలు మొదలై, మట్టి కదులుతున్నట్టు కనిపిస్తే మాత్రం కాగితం కోసం ఆగకూడదు. ముందు పిల్లలతో సహా ఇళ్ళు ఖాళీ చేయించాలి, తర్వాత గట్టు వేయాలి. ఆ ఖర్చు వాపసు రాకపోతే సదఖా పద్దులోనే రాసుకోవాలి.